చూడకూడని రాణి

బొంగరానికి ఆ పేరు పెట్టింది బావ. అసలు పేరు ఒకటి ఉండేది గానీ వాడకం లేక తుప్పు పట్టింది. అతను కూర్చున్న కుర్చీలు తొందరగా ముసలివైపోతాయి. కుడికాలు ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. అది అలిసిపోతే ఎడమకాలు డ్యూటీ ఎక్కుతుంది. ఒకసారి బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ తనకేదో వణుకుడు రోగం వచ్చిందని హడలిపోయింది. బొంగరం దిగే స్టాపు రాగానే ఆవిడకి పూర్తిగా నయమైంది.

అతను పనిచేసేది పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో. డాక్టర్లు పంపిన దవడ అచ్చుల్లో ప్లాస్టర్ పోయాలి, మైనం మీద పళ్లు వరసగా నిలబెట్టాలి. ప్లాస్టర్‌లో బుడగలు పోవడానికి అచ్చుని వణికించే చిన్న యంత్రం ఒకటి ఉంటుంది. అది పాడైన వారం ల్యాబు ఓనరు కొత్తది తెప్పించలేదు. అచ్చుల ట్రేని తీసుకెళ్లి బొంగరం మోకాలి మీద పెట్టాడు. ఆ వారం వచ్చిన సెట్లంత నున్నటి సెట్లు తమ సర్వీసులో చూడలేదని డాక్టర్లు ఫోన్లు చేశారు.

ఇలాంటివాడు ఏరికోరి ఎంచుకున్న సరదా చీమల్ని పెంచడం.

చీమల్ని పెంచడమంటే, మొదట్లో, ఏమీ చెయ్యకపోవడం. వాన వెలిశాక గాల్లోకి ఎగిరిన రాణిచీమ కిందికి దిగి, రెక్కలు తనే విరిచి పారేసి, గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటుంది. దాన్ని పట్టుకుని గాజు గొట్టంలో పెట్టాలి. గొట్టం అడుగున నీళ్లు, నీళ్లకి అడ్డంగా దూది, మూతి దగ్గర ఇంకో దూది. తిండి అక్కర్లేదు. ఇక పనికిరాని రెక్కల కండల్నే లోపల కరిగించుకుని రాణి మొదటి కాన్పు పిల్లల్ని సాకుతుంది. గొట్టాన్ని చీకట్లో పెట్టేసి, మొదటి పనిచీమలు పుట్టేదాకా మనిషి దాని జోలికి పోకూడదు. పోతే రాణి బెదురుతుంది. బెదిరిన రాణి తన గుడ్లు తనే తినేస్తుంది.

ఈ నియమాలన్నీ బొంగరానికి కంఠతా వచ్చు. పాటించడమే రాదు.

మొదటి రాణిని పట్టినప్పుడు పొద్దున లేచి చూశాడు. పళ్లు తోముకుంటూ చూశాడు. తోముకోక ముందుకీ తోముకున్న తర్వాతకీ ఏమైనా తేడా వచ్చిందేమోనని చూశాడు. తను చూస్తుంటే రాణికి ఇబ్బందిగా ఉందా అని కనుక్కోవడానికి ఇంకోసారి చూశాడు. బియ్యపు నూకల్లాంటి గుడ్లు కనపడ్డ రోజు ల్యాబుకి సెలవు పెట్టి మరీ చూశాడు. సాయంత్రానికి గొట్టంలో రాణి ఉంది. గుడ్లు లేవు. రాణి మూతి తుడుచుకుంటోంది. రెండో రాణి విషయంలో అతను చాలా మారాడు. పళ్లు తోముకుంటూ చూడటం మానేశాడు. అదీ తినేసింది. రెంటినీ తీసుకెళ్లి పార్కులో తడిమట్టి మీద వదిలిపెట్టి వచ్చాడు.

బొంగరం ఉండేది అక్కా బావల దగ్గర. అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని చావు తప్పించుకోవడం ఆమె ఉద్యోగం. అందుకే ఇంట్లో కూడా ఎవరైనా తొందరపడితే ఆమె కుడిపాదం నేలమీద బ్రేకు కోసం వెతుక్కుంటుంది. శివుడి ఆజ్ఞ లేకుండా చీమైనా కుట్టదంటారు. ఆ ఇంట్లో అక్క ఆజ్ఞ లేకుండా చీమ గుడ్డయినా పెట్టదు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం బొంగరం పళ్ల సెట్టు పెట్టే ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు. అక్క డబ్బా అందుకుని, దాని వంక చూసి పాదం నొక్కింది.

"పళ్లా, చీమా?"

"చీమే. గండుచీమ రాణి. ల్యాబు మెట్ల మీద దొరికింది. ఈ ఏడాదికి ఇదే ఆఖరు అక్కా, మళ్లీ వానలొచ్చేదాకా ఎగరవు."

"గిటారు కొన్నావు. తీగలు బిగించేలోపే చదరంగంలోకి దూకావు."

"చదరంగంలో గెలిచాను."

"నువ్వు కాలు ఊపితే పావులు వాటంతటవే జరిగాయిరా. నీతో ఆడిన అబ్బాయి ఇప్పటికీ ఆ బల్లకి దయ్యం పట్టిందనే అనుకుంటున్నాడు." అక్క డబ్బా తిరిగి అతని చేతిలో పెట్టింది. తర్వాతి మాట మాత్రం నవ్వకుండా అంది. "నువ్వు మొదలుపెట్టిన వాటిలో చివరికంటా ఉన్నది ఒక్కటి చూపించు. ఇదే ఆఖరు రాణి అన్నావుగా, నాకూ ఇదే ఆఖరు. ఇదీ తినేసిందంటే ఇంకెప్పుడూ ఈ ఇంట్లోకి గొట్టం రాదు."

బొంగరం గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, ఆమె అన్నదాంట్లో తప్పు ఎక్కడుందా అని వెతికాడు. ఎంత వెతికినా కనపడలేదు. గిటారు మాత్రం కనపడింది, మంచం వెనక, సాలెగూడుతో.

ఆ సాలెగూడు చూస్తుండగానే ఉపాయం తట్టింది. రాణికీ తనకీ మధ్య ఇంకో మనిషి ఉండాలి. చీమల్ని చూడాలన్న కోరికే లేని మనిషి.

మందు కొట్టడం బావ ఉద్యోగం. ఈ మాట కొత్తవాళ్లతో అంటే అక్క వైపు జాలిగా చూస్తారు. బొద్దింకల మందు, చెదల మందు, చీమల మందు. వీపు మీద ట్యాంకు, చేతిలో గొట్టం, ముఖానికి మాస్కు. ఆయన వ్యాను సందు మలుపు తిరిగితే బొద్దింకలు సామాను సర్దుకుంటాయని పేరు. ఇంట్లో మాత్రం ఒకచోట కూర్చుంటే కూర్చున్నట్టే ఉంటాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చీమ కుట్టినట్టైనా ఉండదు.

"బావా, దీన్ని ఎక్కడైనా దాచు. ఎక్కడ దాచావో నాకు చెప్పకు."

బావ గాజు గొట్టాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. "గండుచీమ. ఇంత జెల్ చుక్క పెడితే చాలు, గూడంతా శుభ్రంగా..."

"బావా."

"నోటి అలవాటులేరా. ఏం చెయ్యాలి దీనికి?"

"ఏమీ చెయ్యకూడదు."

"అది నాకొచ్చు."

"ఆ పనిలో మీ బావని మించినవాళ్లు లేరు" అంది అక్క. "పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తున్నా."

బొంగరం గదిలో అటూ ఇటూ తిరుగుతూ నియమాలు అప్పజెప్పాడు. వెలుగు తగలకూడదు. చలి తగలకూడదు. మందుల వాసన అసలే తగలకూడదు, అంచేత వ్యానులో వద్దు, యూనిఫారం దగ్గర వద్దు. దూది ఎండిపోకూడదు. బావ ప్రతిదానికీ తలూపాడు. మర్నాడు బొంగరం ల్యాబు నుంచి వచ్చేసరికి గొట్టం ఇంట్లో ఎక్కడో ఉంది, ఎక్కడుందో తెలియదు.

చూడనని మాటిచ్చాడు. వెతకనని ఇవ్వలేదు.

మొదట చెప్పుల స్టాండు వెతికాడు. అటక ఎక్కాడు. చలికాలం దుప్పట్ల మూట విప్పి, మళ్లీ కట్టి, మధ్యలో ఉన్న దుప్పటి సరిగ్గా చూడలేదేమోనని మళ్లీ విప్పాడు. సోఫా కుట్లు రెండు ఊడదీసి చెయ్యి పెడితే పాత రిమోట్ దొరికింది. అది ఎప్పుడో అమ్మేసిన టీవీది. అక్క మేకప్ పెట్టె దాకా వెళ్లాడు గానీ, ప్రాణం మీద తీపి ఉన్నవాడు కాబట్టి వెనక్కి వచ్చేశాడు. దొరికితే చూడడు, దూరం నుంచి ఉందని తెలుసుకుంటాడంతే. అలా అని తనకి తను నచ్చజెప్పుకున్నాడు. అతను చెప్పిన మాటలు అతనే నమ్మడం చాలా అరుదు, ఈసారీ నమ్మలేదు.

ల్యాబులో చేతులు పళ్ల మీద ఉన్నా బుర్ర గొట్టంలో ఉండేది. గుడ్లు పెట్టి ఉంటుందా? పెట్టి తినేసి ఉంటుందా? దూది ఎండిందా? ఆ ధ్యాసలో ముందుపళ్ల చోట దవడపళ్లు కూర్చిన సెట్టు ఒకటి బయటికి వెళ్లిపోయింది. అది పెట్టుకున్నాయన బడిలో హెడ్మాస్టరు. పిల్లలు తన ముఖం చూడగానే నిశ్శబ్దంగా కూర్చుంటున్నారని, సెట్టు మార్చొద్దని కబురు పంపాడు.

రోజూ రాత్రి భోజనాల దగ్గర అదే గొడవ.

"వెచ్చగా ఉందా బావా, అది ఉన్న చోటు?"

"ఉంది."

"ఎంత వెచ్చగా?"

"నీ పక్కన కూర్చున్నంత."

"ఒక్క ముక్క చెప్పు. వంటింటి వైపా, వీధి వైపా?"

"ఇంటి లోపలి వైపు" అని బావ రొట్టె నమలడంలో పడేవాడు.

ఒక రోజు ఆ భోజనాల బల్ల దగ్గరే అసలు సంగతి బయటపడింది. ముగ్గురూ కూర్చున్నారు. గ్లాసుల్లో నీళ్లు చిన్నచిన్న వలయాలుగా కదులుతున్నాయి. ఆ ఇంట్లో నీళ్లు ఎప్పుడూ అలాగే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. బొంగరం ల్యాబు నుంచి వస్తూ వస్తూ కొత్త భయం ఒకటి వెంటబెట్టుకొచ్చాడు.

"బావా, ఫ్రిజ్ మీద గానీ పెట్టలేదు కదా?"

"లేదు."

"వాషింగ్ మెషిన్ దగ్గర?"

"లేదురా. ఏం, చల్లగా ఉంటుందనా?"

"చల్లదనం కాదు. అదురు. కుదుపులు తగిలితే రాణి భూకంపం అనుకుంటుంది. గుడ్లు తినేస్తుంది."

బావ నమలడం ఆపాడు. ఆయన తినడం మధ్యలో ఆపడం అక్క పెళ్లయ్యాక అదే మొదటిసారి చూడటం.

"కుదుపులా?" అన్నాడు బావ.

"అన్నిటికంటే చెడ్డది అదే. చెప్పాను కదా."

"చెప్పలేదు. వెలుగు చెప్పావు, చలి చెప్పావు, వాసన చెప్పావు. దూది చెప్పావు. కుదుపుల సంగతి చెప్పలేదు."

అక్క మొగుడి వైపు చూసింది. మొగుడు అక్క వైపు చూశాడు. తర్వాత ఇద్దరూ మెల్లగా తలలు వంచి బల్ల కిందికి చూశారు. అక్కడ బొంగరం కుడికాలు తన పని తను చేసుకుంటోంది. పైకి లేచినప్పుడల్లా మోకాలు బల్లచెక్కకి తగులుతోంది. ఆ చెక్కకి అడుగువైపు, సరిగ్గా ఆ మోకాలికి జానెడు దూరంలో, మరలతో బిగించిన చిన్న చెక్కపెట్టె ఒకటి ఉంది.

బొంగరం కూడా వంగి చూశాడు.

గ్లాసుల్లో నీళ్లు ఆగిపోయాయి. కదలని నీళ్లు ఆ బల్ల మీద చాలా వింతగా కనపడ్డాయి.

"ఇక్కడా?" అన్నాడు బొంగరం.

"నా సర్వీసులో నేర్చుకున్నదిరా ఇది" అన్నాడు బావ, తప్పు చేసినవాడిలా. "బొద్దింక ఎక్కడ దాక్కుంటుందంటే, మనం రోజూ కూర్చునే చోటు కింద. ఇల్లంతా వెతుకుతారు గానీ తన ఒళ్లో ఎవడూ వెతుక్కోడు. నువ్వు మెలకువగా ఉంటే సగం సేపు ఇక్కడే కూర్చుంటావు కదా అని..."

"నేనిక్కడ కూర్చుంటే కాలు ఊపుతానని నీకు తెలియదా?"

"తెలుసు. ఊపితే ఏమవుతుందో తెలియదు. నీకు తెలుసు. నువ్వు చెప్పలేదు."

ఎందుకు చెప్పలేదో బొంగరానికి అప్పుడు అర్థమైంది. ఫ్రిజ్ కదులుతుంది, వ్యాను కదులుతుంది, ల్యాబులో యంత్రం కదులుతుంది. తను కదులుతాడన్న సంగతి ఎవరైనా చెబితే తప్ప అతనికి ఎప్పుడూ గుర్తుండదు. ఇన్నాళ్లూ రాణి ఏమైపోయిందో అని బెంగపడ్డ కొద్దీ కాలు ఎక్కువ ఊపాడు, కాలు ఊపిన కొద్దీ రాణి...

"తీసి చూద్దాం" అని లేవబోయాడు. అక్క అతని భుజం పట్టుకుని కుర్చీలోకి నొక్కింది.

"మరలు విప్పితే అదరదా?"

"అదురుతుంది. కానీ ఇప్పటికే తినేసి ఉంటుంది."

"తినెయ్యకపోతే?"

"తినేసుంటే చూసినా నష్టం లేదు కదక్కా."

"తినకుండా ఉంటే చూడటం వల్లే తింటుంది కదరా. స్టార్ట్ కాని బండి తాళం మళ్లీ మళ్లీ తిప్పితే ఏమవుతుంది? ఉన్న కాస్త బ్యాటరీ కూడా పోతుంది. వదిలెయ్."

వదిలేశారు. బల్లనే వదిలేశారు. ఆ రోజు నుంచి ముగ్గురూ ముందుగదిలో నేలమీద కూర్చుని తిన్నారు. ఇంటికొచ్చిన పక్కింటి డ్రాయింగ్ టీచరు భోజనాల బల్ల మీద కూరగాయల సంచి పెట్టబోతే ముగ్గురూ ఒకేసారి "అయ్యో వద్దు" అన్నారు. ఆవిడ మళ్లీ ఆ ఇంటికి రాలేదు. అక్క గిన్నెల్ని పసిపిల్లల్లా దించడం మొదలుపెట్టింది. బావ తుమ్ము వస్తే వీధిలోకి పరిగెత్తేవాడు. బొంగరం కాలు ఊపుకోవడానికి బయట మెట్ల మీదికి వెళ్లేవాడు, ఇంట్లో సిగరెట్ కాల్చనివ్వని మగవాళ్లు వెళ్లినట్టు. అక్కడ ఊపి ఊపి, తృప్తిగా లోపలికి వచ్చి, వచ్చిన మరుక్షణం మళ్లీ వెళ్లాల్సి వచ్చేది.

ఎక్కడుందో తెలియనప్పుడే నయం. వెతుక్కునే పనైనా ఉండేది. ఇప్పుడు తెలుసు. చెయ్యి చాస్తే అందుతుంది. గదిలో పడుకుంటే గోడ అవతల బల్ల ఉంది. ల్యాబులో ఉంటే బల్ల ఇంట్లో ఒంటరిగా ఉంది. ఏ పని చేస్తున్నా వీపు మీద ఎక్కడో, చెయ్యి అందని చోట, దురద పెడుతున్నట్టే ఉండేది.

ల్యాబుకి సెలవైన ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. బొంగరం బల్ల చుట్టూ తిరిగాడు. మెట్ల మీదికి వెళ్లొచ్చాడు. మళ్లీ తిరిగాడు. చివరికి మోకాళ్ల మీద పాకుతూ బల్ల కిందికి దూరి, వెల్లకిలా పడుకుని పైకి చూశాడు. చెక్కపెట్టె ముక్కుకి మూరెడు ఎత్తులో ఉంది. దానికొక జారుడు మూత. మూత జరిపితే లోపల, వెలుగు తగలకుండా బావ తొడిగిన నల్ల సాక్సు ఉంటుందట, సాక్సు లాగితే గొట్టం. మరలు విప్పక్కర్లేదు. వేలితో ఇలా అంటే చాలు.

వేలు ఎత్తాడు. మూత అంచుకి తగిలించాడు. తినేసి ఉంటే ఇప్పుడే తెలిసిపోతుంది, ఈ బాధ ఇక్కడితో తీరిపోతుంది. ఆ తీరిపోవడమే ఎంత తియ్యగా అనిపించిందంటే, గుడ్లు లేకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాడు. అనుకున్న వెంటనే వేలు అక్కడే ఆగింది. గిటారునీ చదరంగాన్నీ కూడా ఇలాగే వదిలించుకున్నాడు. అవి చేతకాక కాదు. వస్తాయో రావో అన్న ఎదురుచూపు భరించలేక.

వేలు దించేశాడు. కుడికాలు కదలబోయింది. ఎడమకాలిని దాని మీద పడేశాడు. ఎడమది కదలబోయింది. రెండూ బిగబట్టాడు.

అక్క తాళం తీసుకుని లోపలికి వచ్చేసరికి బల్ల కింద నుంచి రెండు పాదాలు బయటికి కనిపించాయి. అవి కదలడం లేదు. తమ్ముడి పాదాలు పుట్టిన దగ్గర్నుంచీ చూస్తోంది ఆమె, కదలకుండా ఎప్పుడూ చూడలేదు. చేతిలో సంచి జారి సోఫా మీద పడింది.

"ఒరేయ్" అంది. "ఒరేయ్, నాన్నా..."

"చెప్పులు మెల్లగా విప్పక్కా" అన్నాయి పాదాలు.

అక్క గోడకి ఆనుకుని, ఊపిరి తీసుకుని, తిట్టాల్సిన తిట్లన్నీ గుసగుసగా తిట్టింది. తిట్టడం పూర్తయ్యాక వచ్చి నేలమీద కూర్చుంది.

"చూశావా?"

"లేదు."

"మరి కింద ఏం చేస్తున్నావ్?"

"చూడకుండా ఉంటున్నాను. బయట ఉంటే చూడాలనిపిస్తోంది."

"ఇక్కడ అనిపించడం లేదా?"

"ఇక్కడ ఇంకా ఎక్కువ అనిపిస్తోంది."

అక్క చెయ్యి చాపి అతని మోకాలి మీద వేసింది. కింద సన్నగా, బిగబట్టిన తీగలా, ఏదో అదురుతోంది. దీపాలు పెట్టే వేళ అయ్యేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. వంట ఆలస్యమైంది.

మొదటి పనిచీమలు పుట్టి ఉంటాయని లెక్కేసుకున్న రోజు పొద్దున బావ యూనిఫారం వేసుకోకముందే స్నానం చేసి, చేతులు ఇంకోసారి కడుక్కుని, బల్ల కిందికి దూరాడు. మూత జరిపాడు. సాక్సుతో సహా గొట్టాన్ని రెండు వేళ్లతో తీసుకొచ్చి కిటికీకి దూరంగా, మసక వెలుతురులో పట్టుకున్నాడు. బొంగరం రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

సాక్సు కొంచెం కొంచెంగా జరిగింది. ముందు తడి దూది. తర్వాత రాణి, నల్లగా, బతికే ఉంది, పొట్ట బాగా చిక్కిపోయింది. గుడ్లు లేవు. దూది పక్కన పట్టుకాయలాంటి చిన్న సంచి ఒకటి చిరిగి, ఖాళీగా పడుంది.

"తినేసింది" అన్నాడు బొంగరం.

"ఆగు" అంది అక్క.

రాణి కాళ్ల మధ్య నుంచి ఏదో బయటికి వచ్చింది. తేనెరంగు నూలుపోగు ముక్కలా ఉంది. దానికి కాళ్లున్నాయి. అది రాణి మూతిని ఒకసారి తాకి, దూది దాకా పరిగెత్తి, దూదిని తాకి, వెనక్కి వచ్చి, రాణి వీపెక్కి, దిగి, గొట్టం గోడ వెంట ఆ చివరికి వెళ్లి, అక్కడ ఏమీ లేదని తెలుసుకుని, నిజంగా లేదా అని మళ్లీ వెళ్లి చూసొచ్చింది. ఒక్క క్షణం నిలబడలేదు.

ముగ్గురూ దాన్ని చూశారు.

"మేనమామ పోలిక" అన్నాడు బావ.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు అదురుతుంటే గొట్టం ఎక్కడ అదురుతుందోనని దూరంగా జరిగి నవ్వింది. బొంగరం నవ్వలేదు. అన్ని గుడ్లలో ఇది ఒక్కటే మిగిలి, ఆ సంచి చించుకుని బయటపడింది. ఇదొక్కటే ఇప్పుడు ఆ చిక్కిపోయిన తల్లికి తిండి పెట్టాలి, తర్వాత పుట్టేవాటిని ఎత్తాలి. గోరు మీద ఊదితే ఎగిరిపోయేటంత ఉంది.

పంచదార నీళ్లు కలిపి, ల్యాబులో మైనం చెక్కే సన్నటి కత్తి మొనతో ఒక్క చుక్క మూతి దగ్గర పెట్టాడు. అది పరిగెత్తుకుంటూ వచ్చి చుక్కకి గుద్దుకుంది. మొదటిసారి ఆగింది. తాగింది. అక్కడి నుంచి తిన్నగా తల్లి దగ్గరికి వెళ్లింది.

"తాగిస్తోందిరా" అన్నాడు బావ, కళ్లు చిట్లించి. "ఎక్కడి నుంచి తీస్తోంది? పొట్టలోంచా? ఇన్నేళ్లుగా చంపుతున్నా, ఇది చూడలేదు నేను."

"ఇక మూసెయ్ బావా."

"ఉండరా, ఇప్పుడే కదా..."

"మూసెయ్. ఒక్కతే ఉంది."

బావ మనసు లేకుండానే సాక్సు జరిపాడు. బొంగరం చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటి, మెట్ల మీద వేసుకున్నాడు. ల్యాబుకి అప్పటికే ఆలస్యమైంది. దారిలో రెండుసార్లు ఇంటి వైపు తిరిగాడు. రెండుసార్లూ మళ్లీ ల్యాబు వైపుకే నడిచాడు.